న్యూటోనియన్‌లో నక్షత్రం చుక్కలా కనబడకపోతే

న్యూటోనియన్ అంటే వెలుగుని పోగుచేసే పెద్ద అద్దం, దాన్ని పక్కకు మళ్లించే చిన్న అద్దం ఉన్న టెలిస్కోప్. సొంతంగా కట్టుకున్న ఇలాంటి టెలిస్కోప్‌లో బొమ్మ సరిగా రాకపోతే అందరి అనుమానం ముందు పెద్ద అద్దం మీదకే పోతుంది. దాన్ని మళ్లీ పాలిష్ చేద్దామనుకునే ముందు, దాన్ని పట్టి ఉంచే చట్రాన్ని చూడండి. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరికింది.

సమస్య: నక్షత్రం మూడు మూలలుగా కనిపిస్తోంది.
కారణం: అంచున ఉన్న మూడు క్లిప్పులు అద్దాన్ని నొక్కుతున్నాయి. అద్దం ఉపరితలం 0.07 మైక్రాన్ వంగినా బొమ్మలో తేడా తెలుస్తుంది. అంత వంపుకి స్క్రూని కాస్త ఎక్కువ బిగిస్తే చాలు.
పరిష్కారం: క్లిప్పుకీ అద్దానికీ మధ్య కాగితం దూరేంత సందు వదలండి. క్లిప్పులు ఉన్నది అద్దం పడిపోకుండా ఆపడానికే, బిగించడానికి కాదు.

సమస్య: నక్షత్రం ఫోకస్‌కు ఒక పక్క నిలువుగా, రెండో పక్క అడ్డంగా సాగుతోంది.
కారణం: ఆస్టిగ్మాటిజం, అంటే నిలువు, అడ్డం దిశల వెలుగు ఒకే చోట ఫోకస్ కాకపోవడం. అది ఎక్కడిదో కనిపెట్టడమే అసలు పని, తొందరపడకండి.
పరిష్కారం: ముందు తల పక్కకు వంచి చూడండి. సాగుడు కూడా తలతో తిరిగితే లోపం మీ కంటిది. తర్వాత ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) తిప్పండి. అదీ కాకపోతే పెద్ద అద్దాన్ని చట్రంలోనే 90 డిగ్రీలు తిప్పి, కొలిమేషన్ (అద్దాలు ఒకదానికొకటి సరైన వరుసలో ఉండటం) సరిచేసి మళ్లీ చూడండి. సాగుడు అద్దంతో పాటు తిరిగితే లోపం గాజులో ఉంది. తిరగకపోతే చట్రంలోనో, చిన్న అద్దంలోనో ఉంది. చిన్న అద్దాన్ని వెనక మొత్తం జిగురు పూసి అతికించి ఉంటే ఊడదీసి, మూడు చిన్న సిలికాన్ బొట్లతో మళ్లీ అతికించండి.

సమస్య: మధ్యలో పెట్టిన నక్షత్రానికి కూడా తోక వస్తోంది.
కారణం: కొలిమేషన్ తప్పింది.
పరిష్కారం: ముందు చిన్న అద్దాన్ని, తర్వాత పెద్ద అద్దాన్ని సరిచేయండి. అంచుల్లో మాత్రమే తోక ఉంటే అది ఈ డిజైన్ సహజ గుణం, టెన్షన్ పడక్కర్లేదు.

సమస్య: గ్రహం నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది.
కారణం: అద్దం బయటి గాలి కంటే వేడిగా ఉంది.
పరిష్కారం: చూడబోయే గంట ముందే బయట పెట్టి, వెనక చిన్న ఫ్యాన్ నడపండి.

సమస్య: ఫోటోలు తీస్తుండగా ఫోకస్ జారిపోతోంది.
కారణం: 1200 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే పావు మిల్లీమీటరుకు పైగా కుదించుకుపోతుంది. ఎఫ్/6 అద్దానికి (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకి ఆరు రెట్లు ఉన్నది) ఫోకస్‌లో ఉన్న వెసులుబాటు అటూ ఇటూ 0.04 మిల్లీమీటరే.
పరిష్కారం: ప్రతి డిగ్రీ, డిగ్రీన్నరకు ఒకసారి ఫోకస్ సరిచూసుకోండి. కొత్తగా కట్టేవాళ్లయితే కార్బన్ ఫైబర్ గొట్టం గురించి ఆలోచించండి.