రోడ్డెక్కే ముందు

నేను హైదరాబాద్ సిటీ బస్సులో 22 ఏళ్లు కండక్టర్‌గా చేశాను. ఇందిరా పార్క్ మీదుగా ఎన్ని ట్రిప్పులు కొట్టానో లెక్క లేదు. ఆ పార్క్ పక్కనే ఉన్న ధర్నాచౌక్‌లో జెండా పట్టుకుని కూర్చున్నదాన్నీ నేనే, ధర్నా వల్ల ఆగిపోయిన బస్సులో జనం తిట్లు తిన్నదాన్నీ నేనే. ఒకసారి రాస్తారోకోలో గంటన్నర ఇరుక్కున్నాం. డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దాయన ముందు సీట్లో కూర్చుని మాటిమాటికీ టైమ్ చూసుకుంటున్నాడు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు అడిగేది న్యాయమైనదే. వాళ్ల కరపత్రం కిటికీలోంచి ఆయన చేతికీ వచ్చింది. ఆయన చదవలేదు. రెండు మడతలు పెట్టి విసనకర్రలా ఊపుకున్నాడు.

రిటైరయ్యాక ఆ కరపత్రం మళ్లీ గుర్తొచ్చింది. మేముండేది రామ్‌నగర్ వైపు. మా బస్తీలో సర్కారు బడి ముందు రోడ్డు దాటుతుంటే మూడో తరగతి పాపను బైక్ గుద్దింది, కాలు విరిగింది. ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో 40 మంది పోగయ్యారు. అందరిదీ ఒకటే మాట, రేపే రాస్తారోకో. "కోపం ఎవరికి రావాలి? సంతకం పెట్టాల్సిన సారుకా, బస్సులో ఉన్నోళ్లకా?" అని అడిగాను. కాసేపు అరుపులు, తర్వాత చాయ్, ఆ తర్వాత ప్లాన్. మొత్తం ఏడు నెలలు పట్టింది. అందులో పనికొచ్చినవి, మేం చెడగొట్టుకున్నవి రెండూ రాస్తున్నాను. మీ బస్తీలో సమస్య నీళ్లు కావచ్చు, చెత్త కావచ్చు, పద్ధతి పెద్దగా మారదు.

ఒక్క సంతకంతో అయ్యే డిమాండ్

"మా పిల్లలకు న్యాయం చేయాలి" అని మాస్టారు మొదటి అర్జీ రాశారు. చదవడానికి బాగుంది. కానీ ఏ ఆఫీసరైనా దాని మీద ఏమని సంతకం పెడతాడు? "పరిశీలిస్తాం" అంటాడు, అయిపోతుంది. డిమాండ్ అంటే అయిందో లేదో వీధిలో నిలబడి కళ్లతో చూసి చెప్పగలిగేది. మూడుసార్లు తిరగరాసి చివరికి ఇలా తేల్చాం: బడి గేటు ఎదురుగా జీబ్రా క్రాసింగ్, దానికి అటూ ఇటూ స్పీడ్ బ్రేకర్లు, బడి మొదలయ్యే ముందు గంట, వదిలాక గంట ఒక హోంగార్డు.

చిన్నది అడిగితే పోరాటం చిన్నదైపోతుందని మా కుర్రాళ్ల బాధ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అడిగింది మా ఊళ్లో సారా అమ్మొద్దనే. అది ఊరూరా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. గాంధీజీ కూడా స్వరాజ్యమనే అంత పెద్ద మాటను వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గరికి దించాడు కదా.

తప్పు గుమ్మం

ఇక్కడ మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం. మేం అర్జీలు ఇస్తూ పోయిన ఆఫీసు చేతిలో అసలు ఆ రోడ్డు లేదు. ఆ మాట వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ప్రతి సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు పట్టుకుని సంతోషంగా తిరిగొచ్చేవాళ్లం. రోడ్డు ఎవరిది, గీతలు వేసేది ఎవరు, మనిషిని పెట్టేది ఎవరు? ఈ మూడింటికీ మూడు జవాబులు ఉండొచ్చు. ముందు అది తేల్చుకోండి.

దీనికి సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అడిగే తీరులోనే ఉంది కిటుకు. "స్పీడ్ బ్రేకర్ ఎందుకు వేయలేదు?" అని రాస్తే కారణాలు చెప్పడం మా పని కాదని తిప్పి పంపుతారు. "ఫలానా తేదీ నుంచి ఈ రోడ్డు గురించి అందిన ఫిర్యాదుల కాపీలు, వాటిపై తీసుకున్న చర్యల ఫైలు కాపీలు ఇవ్వండి" అని రాయండి. చట్టం కింద వచ్చేది కాగితం కాబట్టి కాగితమే అడగాలి.

ఆ 30 రోజులూ ఖాళీగా కూర్చోలేదు. స్టేజీ స్టేజీకీ ఎస్‌ఆర్ (టికెట్ల లెక్క రాసే కాగితం) నింపిన చెయ్యి నాది, లెక్క రాయకపోతే నిద్ర పట్టదు. స్కూల్ నోట్‌బుక్‌లో గళ్లు కొట్టి, ముగ్గురం ఉదయం గేటు పక్కన స్టూళ్లేసుకుని కూర్చున్నాం. ఒకరు దాటే పిల్లల్ని, ఒకరు వచ్చే బండ్లని, ఒకరు పిల్లల కోసం ఆగిన బండ్లని లెక్కపెట్టాలి. మూడో ఆమెకు పనే లేదు. మొదటి రోజు గంటలో దాటిన పిల్లలు 180 పైన, వాళ్లను చూసి ఆగిన బండ్లు 9. తర్వాత ఏ సారు ముందుకెళ్లినా "చాలా ప్రమాదంగా ఉంది సార్" అనే మాటే ఎత్తలేదు, నోట్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టాం.

బజ్జీల అక్క

మనవాళ్లెవరో, కానివాళ్లెవరో రాసుకోవడం తేలిక. గోడ మీద కూర్చున్నవాళ్లతోనే అసలు పని. మా దగ్గర వాళ్లు ఆటోవాళ్లు, కిరాణా సేటు, మసీదు కమిటీ పెద్దలు, బడి గేటు పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకునే అక్క. అందరికంటే ముందు అడ్డం తిరిగింది అక్కే. పిల్లలు పొద్దస్తమానం తన బండి చుట్టే ఉంటారు, తనే ముందు నిలబడుతుందనుకున్నాం. సంతకం పెట్టనంది. రెండుసార్లు అడిగాక, ఒక మధ్యాహ్నం శనగపిండి కలుపుతూ తల ఎత్తకుండా చెప్పింది: "ఆఫీసరోళ్లు గీతలు గియ్యనీకి వస్తరు. వచ్చినోళ్లు ముందుగాల నా బండి తీసేస్తరు. మీ పిల్లలు రోడ్డు దాటుతరు, మా పిల్లలేం తినాలె?"

మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. అప్పటికప్పుడు డిమాండ్ కాగితంలో ఒక వాక్యం చేర్చాం, ఇక్కడి చిరు వ్యాపారులను కదిలించకుండానే ఈ పని చేయాలి అని. ఆ కాగితం మీద మొదటి సంతకం అక్కదే. తర్వాత ఆటోవాళ్లను తెచ్చిందీ అక్కే. ఎవరైనా కలిసి రావట్లేదంటే వాళ్లకు స్పృహ లేదని మీటింగుల్లో తీర్మానం చేసేస్తుంటారు. ముందు వాళ్ల బండి దగ్గరికి వెళ్లి పది నిమిషాలు నిలబడండి.

కరపత్రం తెలుగులో, ఉర్దూలో రెండింట్లో వేయించండి, ఒకే కాగితానికి రెండు వైపులా. ఖర్చు తక్కువ, పైగా ఏ భాష ముందు అనే పంచాయితీ ఉండదు. లోకల్ లీడర్ ఒకాయన ఫ్లెక్సీ ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు, మూలన తన ఫొటో ఉంటే చాలట. ఫ్లెక్సీ మీద ఫొటో ఒక్కటే ఉంటుందన్నా, అది రోడ్డుది అని చెప్పి పంపాం. డబ్బు ఇంటింటికీ 20 రూపాయలు. వచ్చిందీ పోయిందీ హాలు గోడకు అంటించాం, చాయ్‌తో సహా.

మెట్టు మీద మెట్టు

మొదటి రోజే పెద్ద ధర్నా చేస్తే రెండో రోజుకు ఏమీ మిగలదు. మా మెట్లు ఇవి: అర్జీ, లెక్కల నోట్‌బుక్, పిల్లలు బొమ్మలేసిన పోస్టుకార్డులు (పేర్లు లేకుండా, పిల్లల్ని ఎండలో నిలబెట్టకుండా), తర్వాత బడి గేటు దగ్గర ఒక వారం కార్యక్రమం, అప్పటికీ కదలకపోతే ధర్నాచౌక్. ప్రతి మెట్టు ఎక్కే ముందు ఉత్తరం. ఫలానా తేదీలోగా జరగకపోతే ఫలానా పని చేస్తాం అని రాసి రసీదు తీసుకోవాలి. 1930లో గాంధీజీ మార్చి 12న దండికి బయల్దేరాడు. మార్చి 2నే వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాసి చెప్పాడు. ఏం చేయబోతున్నామో దాచిపెట్టాల్సిన అవసరం మనకు లేదు. వాట్సాప్ గ్రూపులో రాసేది కూడా అవతలివాళ్లు చదువుతారనుకునే రాయండి, సగం టెన్షన్ పోతుంది.

గేటు దగ్గర కార్యక్రమం మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. పాత తెల్ల పంచెలు చింపి ఒక పొడవాటి తాడుకు బారెడు బారెడు దూరంలో కట్టాం. అలాంటి తాళ్లు రెండు. ట్రాఫిక్ స్టేషన్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పాం, ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టగానే నలుగురం రెండు తాళ్లు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడేవాళ్లం, పిల్లలు మధ్యలోంచి దాటేవాళ్లు. 40 సెకన్లు. మళ్లీ పక్కకు. ఆరు రోజులు, రోజుకు గంట. బండ్లు ఆగాయి, కానీ ఎందుకు ఆగాయో లోపలున్నవాళ్లకు కళ్లెదుటే కనిపించింది. నాలుగో రోజు ఒక సిటీ బస్సు ఆగితే, కండక్టర్ పిల్ల కిటికీలోంచి తల పెట్టి "రేపు ఎన్నింటికమ్మా?" అని అడిగింది. ఆ తెల్ల పీలికల ఫొటోనే పేపర్లో వచ్చింది. ప్రెస్‌మీట్ ఒక్కటీ పెట్టలేదు.

పోలీసులు, పర్మిషన్, పెన్ను

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. దానికి హద్దులూ ఉన్నాయి. జనం గుమిగూడొద్దని ఇచ్చే ఉత్తర్వును ఇదివరకు 144 సెక్షన్ అనేవాళ్లమే, అది 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 163. అది అమల్లో ఉందేమో ముందే కనుక్కోండి. ధర్నాచౌక్‌కు పోలీసులకు దరఖాస్తు పెట్టాలి. తేదీ, టైమ్, ఎంతమంది, మైకు ఉందా, బాధ్యులెవరు అన్నీ రాయాలి. 100 మంది అని రాసి 400 మందిని తేవద్దు. 2017లో అక్కడ ధర్నాలు ఆపేస్తే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. అంత కష్టపడి నిలబెట్టుకున్న చోటు, మన వల్ల చెడ్డపేరు రావద్దు. తేదీ పెట్టేటప్పుడు బోనాలు, మొహర్రం, నిమజ్జనం చూసుకోండి, పోలీసులూ జనమూ అందరూ అక్కడే ఉంటారు.

రిహార్సల్ మాత్రం మానొద్దు. అందరూ నవ్వుతారు, అయినా చేయండి. హాల్లో ఇద్దరు పోలీసులు, ఒకరు కోపంగా ఉన్న బైకర్. బైకర్ వేషం నాదే, తిట్లు విని విని ఉన్నదాన్ని కదా. మా ఇంటర్ కుర్రాడు, ఎప్పుడూ అహింస గురించి లెక్చర్ ఇచ్చేవాడు, మూడో నిమిషానికే నా కాలర్ పట్టుకోబోయాడు. వాడే సిగ్గుపడ్డాడు. వాడికి వీడియో తీసే పని ఇచ్చాం. చేతిలో ఫోన్ ఉన్నవాడు చెయ్యి ఎత్తడు.

వాలంటీర్లు పది మందికి ఒకరు. 1921లో చీరాల–పేరాల జనం మునిసిపల్ పన్ను కట్టబోమని ఊరే ఖాళీ చేసి బయట పాకల్లో దాదాపు 11 నెలలు ఉన్నప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అని వాలంటీర్లను తయారు చేసుకున్నాడు. ఆ పాకల ఊరికి పెట్టుకున్న పేరు రామనగర్. మా బస్తీవాళ్లకు ఈ కథ చెబితే మనదే అనుకుని చప్పట్లు కొట్టారు, నేనూ దిద్దలేదు.

మా సంకేతాలు బస్సువే. ఒక విజిల్ అంటే హోల్డాన్, ఉన్నచోటే కూర్చోవాలి. రెండు అంటే రైట్ రైట్. ఎవడైనా రాయి ఎత్తినా, తోపులాట మొదలైనా ఒక విజిల్. అందరూ కూర్చుంటే నిలబడి ఉన్నవాడు ఒక్కడే కనిపిస్తాడు. వాడు మనవాడు కాదని వేరే చెప్పక్కర్లేదు.

లాయర్ ఫోన్ నంబర్ చేతి మీద పెన్నుతో రాసుకోండి, ఫోన్ లాక్కుంటే గుర్తుండదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఆడవాళ్లను మామూలుగా అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేట్ అనుమతితో మహిళా అధికారే చేయాలి. నీళ్లు, ఓఆర్‌ఎస్, బాత్రూమ్ ఎక్కడుందో చెప్పే మనిషి ఉండాలి. బాత్రూమ్ సంగతి తేల్చకపోతే మధ్యాహ్నానికి ఆడవాళ్లు సగం మంది ఇంటికి వెళ్లిపోతారు, నేను చూశాను.

ఎప్పుడు ఆపాలి

2019 ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది, అందులో నేనూ ఉన్నాను. మొదలుపెట్టే రోజు మా డిపోలో అందరం ఒక్క మాట మీద ఉన్నాం. ఎక్కడ ఆపాలో మాత్రం మాట్లాడుకోలేదు. నెల దాటి బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడు ఆ మాట ఎవరు ఎత్తాలి? ఎత్తినవాడు పిరికివాడైపోతాడు. అందుకే ఈసారి మొదటి మీటింగులోనే రాసి పెట్టుకున్నాం. జీబ్రా, స్పీడ్ బ్రేకర్లు వస్తే ధర్నా ఆపుతాం, హోంగార్డు కోసం ఉత్తరాలు నడిపిస్తాం అని. ధర్నాచౌక్‌లో రెండు గంటలు కూర్చున్నాక పిలుపొచ్చింది, సరిగ్గా అదే ఇస్తామన్నారు. మాలో కొట్లాట రాలేదు. నోటిమాట కాకుండా తేదీ వేసిన కాగితం అడిగి తీసుకున్నాం.

ఏడో నెలలో ఒక రాత్రి 11 గంటలకు వచ్చి గీతలు గీశారు. బజ్జీల అక్క ఆ పనివాళ్లకు స్టవ్ మళ్లీ వెలిగించి రెండు వాయిలు వేసింది. బండి కదల్లేదు. హోంగార్డు వారానికి మూడు రోజులు వస్తాడు, మిగతా రోజులు మేమే. వానాకాలం పోయేసరికి పెయింట్ సగం చెరిగిపోయింది. నోట్‌బుక్ మళ్లీ తీశాను. సోమవారం ఉదయం స్టూళ్ల మీద కూర్చోవడానికి ముగ్గురం కావాలి, ఇప్పటికి ఇద్దరమే ఉన్నాం.