మౌజర్ 98 రైఫిల్‌కు స్కోప్ పెట్టాలంటే పాత సేఫ్టీని ఎలా మార్చాలి?

మౌజర్ 98 మీద స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే గురి గొట్టం) పెట్టాలనుకునే వాళ్లను ముందు ఇబ్బంది పెట్టేది సేఫ్టీనే. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన ఈ రైఫిల్‌కు బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) వెనుక జెండాలాంటి మీట ఒకటి ఉంటుంది. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ అదే. అది ఎడమకు వాలి ఉంటే రైఫిల్ పేలుతుంది. నిటారుగా ఉంటే పేలదు కానీ బోల్టు తెరుచుకుంటుంది. కుడికి వాలితే పేలదు, బోల్టు కూడా కదలదు. ఇనుప సైట్లతో కాల్చే సైనికుడికి ఇది చక్కటి ఏర్పాటు. స్కోప్‌ను కంటికి అనువుగా కిందికి బిగిస్తే మాత్రం దాని వెనుక భాగం సరిగ్గా ఈ మీట తిరిగే దారిలోకి వస్తుంది.

అమెరికాలో జింకల వేటకు పాత మౌజర్లను వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి అక్కడి మన వాళ్లకు ఇది పనికొస్తుంది. ఇండియాలో మాత్రం ఈ పని ఇంట్లో చేయకూడదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి.

ముందు ఏ సేఫ్టీ కొనాలో తేల్చుకోండి. కాలిఫోర్నియాకు చెందిన మేనార్డ్ బ్యూలర్ పేరుతో ప్రసిద్ధమైన రకంలో మీట పైకి లేవకుండా కుడి పక్కనే తిరుగుతుంది. ధర తక్కువ, ఉన్న బోల్టు స్లీవ్‌లోనే (బోల్టు వెనుక చివరి తొడుగులోనే) కూర్చుంటుంది. ఇలాంటి రెండు స్థానాల సేఫ్టీల్లో చాలావాటికి ఒక లోటుంది: సేఫ్‌లో ఉంటే బోల్టు తెరుచుకోదు, తూటా బయటికి తీయాలంటే సేఫ్టీ తప్పించాల్సిందే. వించెస్టర్ మోడల్ 70 తరహా మూడు స్థానాల సేఫ్టీలో ఆ బాధ లేదు, కానీ బోల్టు స్లీవ్ మొత్తం మార్చాలి, ఖర్చు ఎక్కువ. వేటకు వెళ్లేవాళ్లకు నా సలహా రెండోదే. ఏది కొన్నా మీ రైఫిల్ మోడల్‌కు చేసిందే కొనండి. స్వీడిష్ 96 అనే మరో మౌజర్ మోడల్‌కు చేసిన సేఫ్టీ 98కి సరిపోదు. ఇక్కడ చెప్పేది మొదటి రకం గురించి.

విప్పడం

మ్యాగజైన్, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. పనిచేసే గదిలో తూటాలే ఉండకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి, లోపలి స్ప్రింగ్ చాలా బలమైనది.

బోల్టు తెరిచి మూసి కాక్ చేయండి, అంటే ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) స్ప్రింగ్‌ను బిగించండి. సేఫ్టీని నిటారుగా నిలపండి. ఎడమ పక్కనున్న బోల్ట్ స్టాప్‌ను బయటికి లాగి బోల్టును వెనక్కి తీసేయండి. బోల్టు స్లీవ్ ఎడమ వైపున్న చిన్న బొడిపెను నొక్కి పట్టుకుని, స్లీవ్‌ను ఎడమకు తిప్పుతూ పోతే ఫైరింగ్ పిన్‌తో సహా ఊడి వస్తుంది.

ఇప్పుడు పిన్ మొనను మెత్తటి చెక్కకు ఆనించి (కార్98కే అనే పొట్టి రకం అయితే, భుజానికి ఆనించే చెక్క భాగమైన బట్‌లోని లోహపు బిళ్ల రంధ్రంలో పెట్టి) స్లీవ్‌ను గట్టిగా కిందికి అదమండి. ఫైరింగ్ పిన్ వెనుక చివరనుండే కాకింగ్ పీస్‌ను పావు వంతు తిప్పితే విడిపోతుంది. స్లీవ్‌ను మాత్రం ఒక్కసారిగా వదలకండి, నెమ్మదిగా పైకి రానివ్వండి. ఆ తర్వాత పాత మీటను అటూ ఇటూ తిప్పుతూ వెనక్కి లాగితే ఒక చోట వదులై వచ్చేస్తుంది. రాకపోతే సుత్తి తీయకండి, పాత గ్రీజు గడ్డకట్టి ఉంటుంది, ద్రావకంతో కడగండి.

కూర్చడం

అసలు పని ఇక్కడుంది. సేఫ్టీ ఇరుసు మీద వాలుగా ఒక అంచు ఉంటుంది. మీట తిప్పగానే ఆ అంచు కాకింగ్ పీస్‌ను రవ్వంత వెనక్కి నెట్టి, సియర్ (ట్రిగ్గర్ లాగేవరకు కాకింగ్ పీస్‌ను ఆపి పట్టే ముక్క) మీద నుంచి బరువు తప్పించాలి. సేఫ్టీ చేసే ముఖ్యమైన పని ఇదే.

కొత్తది పెట్టి, విప్పిన క్రమానికి వెనుక నుంచి బిగించి, ఖాళీ రైఫిల్‌లో తిప్పి చూడండి. అస్సలు తిరగకపోతే అంచు మందంగా ఉందన్నమాట. దానికి మార్కర్ ఇంకు పూసి, తిరిగినంత వరకు తిప్పండి. ఇంకు చెరిగిన చోటే రాసుకుంటోంది. ఆ మచ్చను మాత్రమే సన్నటి సానరాయితో రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ బిగించి చూడండి. గ్రైండర్ వద్దు. కాకింగ్ పీస్‌లో సియర్‌కు తగిలే ముఖాన్ని ముట్టుకోవద్దు. ఎక్కువ అరగదీస్తే కాకింగ్ పీస్ వెనక్కి రాదు, అలాంటి సేఫ్టీ పారేయాల్సిందే.

పరీక్ష

రైఫిల్ ఖాళీగానే ఉండాలి. కాక్ చేసి సేఫ్టీ వేయండి. కాకింగ్ పీస్ వెనక్కి జరగడం కంటికి కనిపించాలి. ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదిలేయండి. తర్వాత వేలు దూరంగా పెట్టి సేఫ్టీ తీయండి. "టక్" మని పిన్ పడిందంటే అదే అసలు ప్రమాదం: ట్రిగ్గర్ లాగినప్పుడు జారిన సియర్ తిరిగి పైకి లేవలేదు, కాకింగ్ పీస్ చాలినంత వెనక్కి రావడం లేదు. ఇదే చాలాసార్లు చేయండి. సేఫ్టీ వేసి ఉండగా బట్‌ను రబ్బరు మ్యాట్ మీద తట్టండి, బోల్టు పిడిని కుదపండి. ఒక్కసారి తప్పినా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

తర్వాత స్కోప్ పెట్టి, మీట దానికి గానీ స్టాక్ చెక్కకు గానీ తగలకుండా పూర్తిగా తిరుగుతోందో చూడండి. చెక్క అడ్డొస్తే ఆ కాస్తే చెక్కండి. తిన్నగా పక్కకు చాచిన పిడి ఉన్న పాత బోల్టయితే, పిడి పైకి లేచినప్పుడు స్కోప్‌కు తగులుతుంది. దాన్ని వంచడానికి వేడి చేయాలి కాబట్టి గన్‌స్మిత్‌కే వదిలేయండి.

పాత మీటను పారేయకండి. విడిభాగాల మీది నంబర్లన్నీ కలిసిన మౌజర్‌కు పాత తుపాకులు సేకరించేవాళ్ల దగ్గర మంచి విలువ ఉంటుంది. స్కోప్ కోసం రిసీవర్‌కు (బోల్టు కూర్చునే లోహపు భాగానికి) వేసిన రంధ్రాలు పూడవు గానీ, సేఫ్టీని ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు. అసలు నంబర్లన్నీ కలిసిన రైఫిల్ మీ చేతిలో ఉంటే దాన్ని అలాగే ఉంచి, ఈ పనికి నంబర్లు కలవని మరో మౌజర్ చూసుకోండి.