నెట్‌వర్క్ పాఠాలు – 6: కార్డు నంబరు మార్చడం

పోయిన పాఠం చివర 127.0.0.1 ఎవరి నంబరు అని అడిగాను. మన కంప్యూటర్ తనను తాను పిలుచుకునే నంబరు అది. నెట్‌వర్క్‌లో యంత్రానికి ఇచ్చే ఇలాంటి ఐపీ నంబర్ల సంగతి ఇక్కడికి ఆపి, దానికి కింది మెట్టులో ఉండే మ్యాక్ అడ్రస్‌కు, అంటే కంప్యూటర్‌ను నెట్‌కు కలిపే నెట్‌వర్క్ కార్డుకు కంపెనీ వేసే నంబరుకు వద్దాం. ఆపిల్ వాళ్ల మ్యాక్‌తో దీనికి చుట్టరికం లేదు. మీడియా యాక్సెస్ కంట్రోల్ అన్నదాన్ని పొట్టిగా అలా అంటారు.

కాజీపేట స్టేషన్‌లో ఎప్పుడైనా ఇంజిన్ పక్కన నిలబడి చూడండి. ఒంటి మీద ఐదంకెల నంబరు ఉంటుంది. అది ఈ రోజు లాగే రైలు నంబరు ఒకటి, రేపు లాగేది ఇంకొకటి. ఐపీ రైలు నంబరు లాంటిది, మ్యాక్ ఇంజిన్ నంబరు లాంటిది. ముందు అంకెలు చూసి అది ఏ రకం ఇంజినో షెడ్డు వాళ్లు చెప్పేస్తారు కదా, మ్యాక్‌లోనూ అంతే. మొత్తం ఆరు జతలు, అంటే 12 గుర్తులు. మొదటి మూడు జతలు ఐఈఈఈ సంస్థ కార్డు తయారుచేసే కంపెనీకి కేటాయించినవి. మిగతా మూడూ కంపెనీ తన ఇష్టప్రకారం వేసుకుంటుంది. అలా ఒక్క ముందు భాగం మీద 1,67,77,216 కార్డులకు నంబర్లు వేయొచ్చు. గుర్తులు 0 నుంచి 9 వరకు, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు.

కంపెనీ వేసిన నంబరును మనమెందుకు మార్చాలి? నాకు ఒక వానాకాలం అవసరం పడింది. హనుమకొండలో మా ఇంటి దగ్గర పిడుగు పడి, నెట్‌వర్క్ కార్డుతో సహా మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తది వేయించాను. కంప్యూటర్ లేచింది కానీ నెట్ లేవలేదు. కేబుల్ నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "బోర్డు మార్చినవా అన్నా? గట్లయితే మ్యాక్ మారుతది. ఆఫీసుల ఎక్కియ్యాలె, సోమవారం చేస్త" అన్నాడు. ఆ రోజు శుక్రవారం, మా అమ్మాయి పరీక్ష ఫారానికి తెల్లారితే ఆఖరు తేదీ! ఇంట్లో ఒకటే టెన్షన్. అదృష్టం ఏమిటంటే, కనెక్షన్ ఇచ్చిన రోజు ఆ అబ్బాయి నంబరు రాసుకుంటుంటే నేనూ కరెంటు బిల్లు వెనక రాసి పెట్టాను. అది కొత్త కార్డుకు ఇచ్చాక పది నిమిషాల్లో నెట్ వచ్చింది. కనెక్షన్ నాది, నంబరూ నాదే కాబట్టి పేచీ లేదు. హాస్టల్లో పక్క గది వాడి నంబరు పెట్టుకుని వాడి నెట్ వాడుకోవడానికి మాత్రం ఈ పాఠం కాదు.

కాబట్టి మొదటి పని, ఉన్న నంబరును కాగితం మీద రాసుకోవడం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'గెట్‌మ్యాక్' అని ఇంగ్లిష్‌లో ఒకే పదంగా కొట్టండి. ఫిజికల్ అడ్రస్ కింద కనిపించేదే అది. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లోకి వెళ్లండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ విప్పితే బ్లూటూత్, వీపీఎన్ లాంటివి కూడా వరుసగా ఉంటాయి, వాటి జోలికి పోకండి. మీరు వాడే కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్. జాబితాలో 'నెట్‌వర్క్ అడ్రస్' గానీ 'లోకల్లీ అడ్మినిస్టర్డ్ అడ్రస్' గానీ ఉంటుంది. దాన్ని ఎంచుకుని, వాల్యూ గడిలో 12 గుర్తులూ మధ్యలో గీతలు లేకుండా కొట్టి ఓకే నొక్కండి. నెట్ ఒక్క క్షణం పోయి వస్తుంది. మళ్లీ గెట్‌మ్యాక్ కొట్టి చూసుకోండి. ఆ రెండు పేర్లూ జాబితాలో లేకపోతే మీ డ్రైవర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, ఈ పనికి ఒప్పుకోదన్నమాట.

ఇక చాలామంది తప్పటడుగు వేసే చోటు. పాత నంబరు కాకుండా సొంతంగా ఒకటి కల్పించుకుంటే, రెండో గుర్తు ఏది పడితే అది పెట్టకూడదు. మొదటి జత 02 అనుకోండి. దాన్ని రెండంకెల లెక్కలో, అంటే సున్నాలూ ఒకట్లతో రాస్తే 00000010. కుడి చివరి అంకె 0 అయితే ఆ నంబరు ఒక్క యంత్రానిది, 1 అయితే గుంపుది. కార్డుకు గుంపు నంబరు పనికిరాదు. దాని ఎడమ పక్క అంకె 1 అయితే 'ఇది కంపెనీ వేసింది కాదు, ఇక్కడే పెట్టుకున్నది' అని అర్థం. ఈ రెండు షరతులూ కుదరాలంటే రెండో గుర్తు 2, 6, ఎ, ఇ ల్లో ఒకటి కావాలి. ఉదాహరణకు 021540332768 చక్కగా పనిచేస్తుంది. విండోస్‌లో చాలా వైఫై డ్రైవర్లు ఈ నాలుగు తప్ప మరేదీ తీసుకోవు. తీగ కార్డులు అంత పట్టింపుగా ఉండవు. నా బిల్లు కాగితం మీది కంపెనీ నంబరు పనిచేసింది అందుకే.

మనం మార్చింది డ్రైవర్ చెప్పుకునే నంబరునే. చిప్పులో రాసిన అసలుది అలాగే ఉంటుంది. అదే గడి పక్కన 'నాట్ ప్రెజెంట్' ఎంచుకుంటే పాతది వచ్చేస్తుంది. లినక్స్‌లో 'ఐపీ లింక్' కమాండ్‌తో కార్డును దించి, నంబరు మార్చి, మళ్లీ లేపాలి. అది రీస్టార్ట్ అయ్యేదాకే. విండోస్‌లో మాత్రం రిజిస్ట్రీలో, అంటే అది తన సెట్టింగులు దాచుకునే చోట, నిలిచిపోతుంది.

మ్యాక్ మారిస్తే వెబ్‌సైట్ల వాళ్లు గుర్తుపట్టరని కొందరు చెబుతుంటారు. అది ఉత్త మాట. మ్యాక్ మీ రౌటర్ గడప దాటదు, అవతలి వాళ్లకు కనిపించేది ఐపీనే. ఒకే ఇంట్లో రెండు యంత్రాలకు ఒకే మ్యాక్ పెడితే డేటా ఎవరికి ఇవ్వాలో యంత్రాలను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు తెలియక ఇద్దరి నెట్టూ వస్తూ పోతూ ఉంటుంది.

వచ్చే పాఠంలోపు ఇది తేల్చండి: 041122334455, 061122334455, 071122334455. ఈ మూడింట్లో వైఫై కార్డుకు పెట్టదగినది ఏది, మిగతా రెండూ ఎందుకు కావు?