కొత్త రైఫిల్ బోల్టు బిగుస్తోందా, గ్రూపు చెదురుతోందా? ముందు స్కోపు బేసులోని చిన్న స్క్రూ చూడండి

టెక్సస్‌లో తెల్లతోక జింకల సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు ముందు రెండు మూడు వారాల్లో డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల రేంజిలకు కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీని, అంటే బోల్టును, చేత్తో నడిపేవి) తెచ్చే మనవాళ్ల ఫిర్యాదులు రెండే. బోల్టు బిగుసుగా ఉంది. లేదా గ్రూపు (ఒకే గురికి కాల్చిన తూటాలు దగ్గర దగ్గరగా పడటం) కుదరడం లేదు. వెంటనే బ్యారెల్ మీద అనుమానం, తర్వాత తూటాలు మార్చడం, చివరికి స్కోపు వెనక్కి పంపడం. ఇవన్నీ చేసేముందు చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాటికి గంట కూడా పట్టదు. దయచేసి వాటిని దాటేసి పోకండి.

కింద చెప్పే ప్రతి పరీక్షకూ మ్యాగజైన్ బయట ఉండాలి. చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూడాలి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు వేరే గదిలో పెట్టండి.

బోల్టు బిగుసుగా ఉంది. కానీ ఎక్కడ?

పిడి పైకి ఎత్తేటప్పుడు బరువుగా ఉంటే అది లోపం కాదు. ఇప్పటి రైఫిళ్లలో ఎక్కువ భాగం పిడి ఎత్తినప్పుడే ఫైరింగ్ పిన్ స్ప్రింగును నొక్కి పెడతాయి. రెండు లగ్గుల (బోల్టును తాళంలా పట్టే పళ్లు) బోల్టు 90 డిగ్రీలు తిరుగుతుంది. మూడు లగ్గులది 60, 70 డిగ్రీలకే అదే స్ప్రింగును నొక్కాలి కాబట్టి చేతికి ఇంకా బరువు తెలుస్తుంది. స్నాప్ క్యాపులు (పేలని నకిలీ తూటాలు) పెట్టి రెండు వందల సార్లు ఆడిస్తే చాలావరకు సాఫీ అవుతుంది.

ముందుకీ వెనక్కీ తోసేటప్పుడు దారి పొడుగునా జిడ్డుగా పట్టేస్తుంటే అది తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె. పెట్టెలో నెలలపాటు ఉండి బంకలా మారుతుంది. బోల్టు, లగ్గులు తిరిగే గాడి, చాంబర్ అన్నీ సాల్వెంటుతో తుడవండి. బోర్‌లోకి (బ్యారెల్ లోపలి గొట్టంలోకి) శుభ్రం చేసే రాడ్డును చాంబర్ వైపు నుంచే పంపండి, గుడ్డ పీలిక తెల్లగా వచ్చేదాకా. లగ్గుల వెనక వైపు మాత్రం కందిగింజలో సగమంత గ్రీజు రాయాలి. చాంబర్ పొడిగా ఉండాలి. అక్కడ నూనె మిగిలితే పేలినప్పుడు తూటా ఇత్తడి కేసు చాంబర్ గోడను పట్టుకోలేక వెనక్కి జారుతుంది, ఆ తోపుడంతా బోల్టు మీద పడుతుంది.

తూటా పెడితేనే బోల్టు మూసుకోవడం లేదంటే బలం ఉపయోగించకండి. బ్యారెల్ మీద చెక్కిన క్యాలిబర్, తూటా అడుగున ఉన్న ముద్ర అక్షరం అక్షరం కలవాలి. కాల్చిన తర్వాతే పిడి లేవడం కష్టమై, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి ఎగరేసే పిన్ను) గుండ్రటి మెరుపు ముద్ర కనిపిస్తే ఆ పెట్టె తూటాలు అక్కడితో ఆపేయండి.

ఖాళీ చాంబర్‌తో బోల్టు ముందుకు సాఫీగా వెళ్లి, పిడి కిందికి తిప్పే చివరి భాగంలో మాత్రం ఏదో గీరుకున్నట్టు ఆగిందా? అప్పుడు అసలు దొంగ దగ్గరికి వచ్చినట్టే. దాని సంగతి కింద వివరంగా చెబుతాను. ముందు గ్రూపు.

గ్రూపు చెదురుతోంది

స్టాకును (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగం), రిసీవర్‌ను (బోల్టు కదిలే లోహపు భాగం) కలిపే యాక్షన్ స్క్రూలను చేతి అంచనాతో కాదు, ఇంచ్-పౌండ్ల రెంచితో చూడండి. ఎంత బిగువు అన్నది మాన్యువల్‌లోనే ఉంటుంది. ప్లాస్టిక్ స్టాకుకు, అల్యూమినియం పట్టున్న స్టాకుకు ఒకే అంకె పనికిరాదు. రైఫిల్‌ను స్టాకు వెనక చివర మీద నిలబెట్టి, రీకాయిల్ లగ్ (కాల్పు తోపుడును స్టాకుకు చేర్చే లోహపు పలక) వెనక్కి ఆనేలా నేలకు ఒకసారి మెల్లగా తట్టి, ముందు స్క్రూ, తర్వాత వెనక స్క్రూ బిగించండి. స్కోపును పట్టే రింగుల పై స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కో దఫా పావు చుట్టు చొప్పున. స్కోపు తయారీదారు వేరే అంకె ఇవ్వకపోతే 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు.

తర్వాత డాలర్ నోటు. బ్యారెల్‌కు, స్టాకుకు మధ్య పెట్టి రిసీవర్ దాకా లాగండి. ఎక్కడైనా పట్టిందంటే బ్యారెల్ వేడెక్కిన కొద్దీ గురి ఒక పక్కకు నడుస్తుంది. సన్న ప్లాస్టిక్ స్టాకుల్లో ఒక మెలిక ఉంది. చేతిలో ఉన్నప్పుడు నోటు జారుతుంది, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద బరువు వేసేసరికి స్టాకు వంగి బ్యారెల్‌ను తాకుతుంది. కాబట్టి కాల్చే భంగిమలోనే పెట్టి చూడండి. తాకే చోట గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తీస్తే సరిపోతుంది.

అసలు దొంగ: ముందు బేసు స్క్రూ పొడుగు

ఇదే అన్నిటికన్నా ఎక్కువ తూటాలు, డబ్బులు తినేది. స్కోపు బేసును (రింగులు కూర్చునే పట్టీని) రిసీవర్‌కు పట్టే స్క్రూ ఒక్క చుట్టు పొడుగైనా రెండు రకాల ఇబ్బంది వస్తుంది. చూడ్డానికి రెండింటికీ సంబంధం లేనట్టే ఉంటాయి.

రెమింగ్టన్ 700 తరహా రిసీవర్ తీసుకోండి. దాని ముందు రింగు (బ్యారెల్ బిగించే గుండ్రటి భాగం, స్కోపు రింగు కాదు) మీద రెండు రంధ్రాలుంటాయి. అన్నిటికన్నా ముందున్న రంధ్రం సరిగ్గా బ్యారెల్ మరల పైకి వస్తుంది. దాని వెనకది లగ్గులు తిరిగే ఖాళీ పైకి వస్తుంది. ఈ రెండో స్క్రూ పొడుగైతే, బోల్టు మూసినప్పుడు పై లగ్ నిలువుగా తిరిగి వచ్చి దాని కొనకు తగులుతుంది. బోల్టు తీసి పై లగ్ మీద టార్చి కొట్టండి. నల్లటి ఉక్కు మీద చీమ తలంత తెల్లటి గీత మెరుస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

మొదటి స్క్రూ ఇంకా మోసం చేస్తుంది. దాని కొన బ్యారెల్ మరలకు ఆనుకుని ఆగిపోతుంది. రెంచి టక్కుమంటుంది, మీరు సరిగ్గా బిగించామనుకుంటారు. నిజానికి ఆ బిగువంతా స్క్రూకూ బ్యారెల్‌కూ మధ్యే పోయింది, బేసును నొక్కింది ఏమీ లేదు. బోల్టు హాయిగా తిరుగుతుంది. స్కోపు చేత్తో కదిపితే కదలదు. కానీ ప్రతి కాల్పుకూ బేసు వెంట్రుకవాసి జరుగుతుంది. 100 గజాల దగ్గర మూడు తూటాలు ఒకచోట, తర్వాతి రెండు రెండంగుళాల అవతల పడతాయి. స్కోపు మారుస్తారు, అలాగే ఉంటుంది. తూటాలు మారుస్తారు, అలాగే ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ రిసీవర్లలో వెనక వంతెన (రిసీవర్ వెనక భాగం) ముందు రింగు కన్నా కిందికి ఉంటుంది. కాబట్టి రెండు ముక్కల బేసుల్లో వెనకది మందంగా, దాని స్క్రూలు పొడుగ్గా వస్తాయి. అన్నీ ఒకే సంచిలో ఉంటాయి, తలలు ఒకేలా ఉంటాయి. పొడుగువి ముందుకు వెళ్తే సంగతి అంతే. దుకాణంలో బిగించి ఇచ్చిన స్కోపైనా సరే, ఈ పరీక్ష మానకండి.

బేసు తీసేసి, ముందు స్క్రూను ఉత్త రంధ్రంలో వేళ్లతో ఆగేదాకా తిప్పండి. తల కింది అంచుకు, రిసీవర్‌కు మధ్య ఎంత సందుందో క్యాలిపర్‌తో కొలవండి. బేసులో ఆ తల కూర్చునే చోట లోహం మందం కూడా కొలవండి. సందు మందం కన్నా ఎక్కువుంటే స్క్రూ అడుగున తగులుతోందని అర్థం. రెండూ సమానమైనా ప్రమాదమే. క్యాలిపర్ లేకపోతే స్క్రూ కొనకు పర్మనెంట్ మార్కర్ రాసి, బేసుతో సహా బిగించి విప్పండి. కొన మీద సిరా చెరిగిందంటే తగిలినట్టే. రెండో స్క్రూకు ఇంకా సులువు. అది లేకుండా బోల్టు మూసి చూడండి, పెట్టి మూసి చూడండి. తేడా చేతికే తెలుస్తుంది.

సరైన పొడుగు స్క్రూ దొరికితే అదే మంచిది. లేదంటే ఆకురాయితో కొన తగ్గించాలి. 6-48 మర అంటే అంగుళానికి 48 చుట్లు, ఒక్కో చుట్టు 0.53 మిల్లీమీటర్లు. 8-40 అయితే 0.635. ఒక్కసారికి అర చుట్టు కన్నా ఎక్కువ తీయకండి. అరగదీసే ముందే అదే మర ఉన్న నట్టు ఒకటి స్క్రూకు ఎక్కించి ఉంచితే, తర్వాత దాన్ని విప్పేటప్పుడు చివరి మర శుభ్రపడుతుంది. కొన అంచు కాస్త ఏటవాలుగా తీయండి. చివరికి రిసీవర్‌లో కనీసం నాలుగు చుట్లు పట్టాలి. అంతకన్నా తగ్గిపోతే ఆ స్క్రూ పారేయండి. తల కింద వాషర్ వేసి సరిపెట్టే ఆలోచన వద్దు. తల పైకి లేచి స్కోపు రింగుకు అడ్డుపడుతుంది.

తిరిగి పెట్టేటప్పుడు రంధ్రం, స్క్రూ రెండూ ఆల్కహాల్‌తో తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. ఎరుపు వద్దు, వేడి చేస్తే తప్ప విడవదు. చుక్క ఎక్కువైతే అది లగ్గుల ఖాళీలోకి కారి, ఆరాక బోల్టును పట్టేస్తుంది. అందుకే బిగించాక బోల్టు తీసే ఉంచి, ఇయర్‌బడ్‌తో లోపల తుడవండి.

మిగతావి

మ్యాగజైన్ నుంచి తూటా రాకపోతే ముందు బోల్టును చివరిదాకా వెనక్కి లాగుతున్నారా అని చూసుకోండి. చాలాసార్లు సగం లాగుడే కారణం. ఖాళీ కేసు సరిగ్గా ఎగరకపోతే ఎజెక్టర్ కింద ఇత్తడి తునక ఇరుక్కుందేమో చూడండి. బ్యారెల్ కొన దెబ్బతినడం, స్కోపు లోపల విరగడం, హెడ్‌స్పేస్ (బోల్టు ముఖానికి, చాంబర్‌లో తూటా ఆగే చోటుకు మధ్య దూరం) తేడా కొత్త రైఫిల్‌లో అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి. అవి ఇంట్లో చేసే పనులు కావు, గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

సరిచేశాక ప్రతి స్క్రూ తలకూ బేసుకూ కలిపి తెల్ల పెయింట్ పెన్నుతో సన్న గీత గీయండి. మూడేసి కాల్పులు, గ్రూపుకూ గ్రూపుకూ మధ్య బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. ఇరవై తూటాలయ్యాక గీతలు ఇంకా కలిసే ఉన్నాయేమో చూసి, అప్పుడు స్కోపు క్లిక్కులు తిప్పండి.