బ్యాటరీ ఎలక్ట్రోడ్ కోసే బ్లేడును ఎలా ఎంచుకోవాలి?

బెంగళూరు పీణ్యలో సానపట్టే షాపు నడిపే ఒకాయన మాకు తెలుసు, ఊరు హిందూపురం. ఎవరెళ్లి "అన్నా, ఎక్కువ కాలం వచ్చే బ్లేడు ఏది?" అని అడిగినా ఆయన ఎదురు ప్రశ్న ఒక్కటే. "ఏం కోస్తావప్పా?" బ్యాటరీ లైనుకు బ్లేడు కొనేవాళ్లు మొదట జవాబు వెతుక్కోవాల్సింది ఈ ప్రశ్నకే.

1. కోసే సరుకు గురించి రాసుకోండి

లిథియం అయాన్ సెల్లులో కేథోడ్ (ప్లస్ వైపు ఎలక్ట్రోడ్) అంటే 12–15 మైక్రాన్ల అల్యూమినియం రేకు, దానికి రెండు వైపులా ఎన్‌ఎంసి (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది) లేదా ఎల్‌ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) పొడి పూత. యానోడ్ (మైనస్ వైపు ఎలక్ట్రోడ్) అంటే 6–10 మైక్రాన్ల రాగి రేకు మీద గ్రాఫైట్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఎంత పల్చని సరుకో ఊహించుకోవచ్చు. పూత ఆరాక రోలర్ల మధ్య నొక్కి, వెడల్పాటి చుట్టను సన్న పట్టీలుగా కోస్తారు. దీన్నే స్లిట్టింగ్ అంటారు.

రెండు రేకులూ బ్లేడును ఒకేలా ఇబ్బంది పెట్టవు. కేథోడ్ పొడి గరుకు కాగితంలా అంచును అరగదీస్తుంది, అల్యూమినియమేమో అంచుకు అతుక్కుంటుంది. గ్రాఫైట్ మెత్తనిదే, కానీ బ్లేడు కాస్త మొండిబారగానే రాగి తెగకుండా సాగి అంచున ముల్లులా లేస్తుంది. ఆ ముల్లునే బర్ అంటారు. అందుకని కేథోడ్‌కు ఒక సెట్టు, యానోడ్‌కు ఒక సెట్టు విడిగా పెట్టుకోండి. కేథోడ్ మీద రాగి పొడి పడితే అది సెల్లు లోపల కరిగి, యానోడ్ మీద మళ్లీ లోహంగా పేరుకుంటుంది. సెట్లు కలపకూడదనడానికి ఇదీ ఒక కారణం.

బర్ గురించి ఇంత టెన్షన్ ఎందుకంటే, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే సెపరేటర్ 10–20 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర మాత్రమే. ముల్లు దాన్ని గుచ్చితే లోపలే షార్ట్ అవుతుంది. 2006లో డెల్ సంస్థ 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. వాటిలోని సోనీ సెల్లుల్లోకి చేరిన సన్నని లోహపు రేణువులే అందుకు కారణం. మా లెక్కలో బర్ సెపరేటర్ మందంలో సగం దాటకూడదు. మీ హద్దు ఎంతో ముందే అంకెల్లో రాసుకోండి, లేకపోతే "బాగానే ఉంది సార్" అనే మాట మీదే కొనాల్సి వస్తుంది.

2. లోహం ఎంచుకోండి

పొడవు కోతకు చాలామంది వాడేది టంగ్‌స్టన్ కార్బైడ్. మన వర్క్‌షాపుల్లో పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ విడియా అనే పిలుస్తారు. 1920ల్లో జర్మనీలో క్రుప్ కంపెనీ పెట్టిన పేరది, 'వజ్రంలాంటిది' అని అర్థం. టూల్ స్టీలు, హైస్పీడ్ స్టీలు చవక. ట్రయల్ కోతకు చాలు గానీ కేథోడ్ మీద త్వరగా అరిగిపోతాయి, పైగా వాటి నుంచి ఇనుప రేణువులు రాలుతాయి.

కార్బైడ్ అనగానే సరిపోదు, అందులో రకాలున్నాయి. కార్బైడ్ రేణువులను పట్టి ఉంచేది కోబాల్ట్. అది ఎక్కువైతే బ్లేడు దెబ్బకు ఓర్చుకుంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. తక్కువైతే అరుగుదల తగ్గుతుంది, అంచు మాత్రం పెచ్చులు లేస్తుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే పదును అంత సన్నగా నిలుస్తుంది. మైక్రాన్ కన్నా చిన్న రేణువు, 8–10 శాతం కోబాల్ట్, గట్టిదనం 91–93 హెచ్‌ఆర్‌ఏ (రాక్‌వెల్ గట్టిదనం కొలతలో ఎ స్కేలు), ఇలా అడిగితే మొదటి ట్రయల్‌కు సరిపోతుంది.

ఇక్కడ అమ్మేవాళ్ల చిన్న మాయ ఒకటి గమనించండి. "స్టీలు 62, మాది 92" అని పక్కపక్కన చూపిస్తారు. స్టీలును కొలిచేది హెచ్‌ఆర్‌సిలో (అదే కొలతలో సి స్కేలు), కార్బైడ్‌ను కొలిచేది హెచ్‌ఆర్‌ఏలో. 62 హెచ్‌ఆర్‌సి అంటే హెచ్‌ఆర్‌ఏలో సుమారు 82. తేడా పెద్దదే, కానీ వాళ్లు చూపించేంత కాదు.

డీఎల్‌సి (వజ్రంలాంటి కార్బన్) లాంటి పూతలు అల్యూమినియం అతుక్కోవడాన్ని తగ్గిస్తాయి. అయితే ఒకటి రెండు మైక్రాన్ల పూత కూడా అంచును కొంచెం మొద్దు చేస్తుంది, మళ్లీ సానపట్టినప్పుడు ఆ పూత అంచు దగ్గర పోతుంది. ముందు పూత లేని బ్లేడుతో నడిపి చూడమనే నేను చెబుతాను. జిర్కోనియా సెరామిక్ బ్లేడులో లోహం రాలే బాధ లేదు, కాకపోతే అది గాజులాగా పగులుతుంది.

3. జతగా చూడండి

స్లిట్టర్ పెద్ద కత్తెర లాంటిది. పై బ్లేడు పల్చన, కింది బ్లేడు మందం, రెండూ పక్కపక్కన ఆనుకుని తిరుగుతాయి. కత్తెర స్క్రూ వదులైతే ఎంత పదునున్నా గుడ్డ నలుగుతుందే తప్ప తెగదు. ఇక్కడా అంతే. అందుకే పై బ్లేడు ఒకరి దగ్గర, కింది బ్లేడు ఇంకొకరి దగ్గర కొనకండి. బయటి వ్యాసం, లోపలి రంధ్రం, మందం, అంచు కోణం మీ మెషీన్ డ్రాయింగ్ నుంచే ఇవ్వండి. మందంలో తేడా రెండు మూడు మైక్రాన్లు మించకూడదు. షాఫ్టు మీద ఇరవై జతలుంటే ఆ తేడాలన్నీ కూడి చివరి జత దగ్గర బయటపడతాయి.

ఒకసారి మా లైనులో బర్ పెరిగిందని మూడు రోజులు బ్లేడ్లను తిట్టుకున్నాం, సప్లయర్‌తో గొడవ కూడా పెట్టుకున్నాం. చివరికి విప్పి చూస్తే స్పేసర్‌కూ (బ్లేడ్ల మధ్య ఎడం ఉంచే రింగు) బ్లేడుకూ మధ్య ఎండిన పూత పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. బ్లేడు వంకరగా తిరగడానికి అదే కారణం. కొత్త బ్లేడు ఆర్డర్ చేసేముందు హోల్డర్, స్పేసర్ తుడిచి, డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి. ఈ పనికి అరగంట చాలు.

4. కాగితం అడగండి, కొలిచి చూడండి

గ్రేడు, రేణువు పరిమాణం, గట్టిదనం, మందం, రన్‌అవుట్ (తిరిగేటప్పుడు బ్లేడు ఊగే తేడా) ఉన్న రిపోర్టు తీసుకోండి. అంచును 200 రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు కింద చుట్టూ తిప్పి చూడండి. గాటు కనిపిస్తే వెనక్కి పంపండి. మీ దగ్గర కొలిచే సదుపాయం లేకపోతే బెంగళూరు తుమకూరు రోడ్డులోనే సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ మెట్రాలజీ (కొలతల) ల్యాబ్ ఉంది.

5. మీటర్ల లెక్కన పోల్చండి

రెండు రకాల బ్లేడ్లను ఒకే రేకు మీద, ఒకే వేగంతో, ఒకే సెట్టింగుతో నడపండి. కొన్ని వేల మీటర్లకోసారి ముక్క తీసి బర్ కొలవండి. హద్దు దాటిన మీటరు దగ్గర ఆ బ్లేడు ఆయుష్షు అయిపోయినట్టే. సెట్టులో సగటు చూడకండి, అన్నిటికన్నా ముందు చెడిన బ్లేడును చూడండి. ఒక్క జత చెడినా మెషీన్ మొత్తం ఆపాల్సిందే కదా.

ఉదాహరణకు 3,000 రూపాయల బ్లేడు 60,000 మీటర్లు కోసిందనుకుందాం. మీటరుకు 5 పైసలు. 9,000 రూపాయల బ్లేడు 3 లక్షల మీటర్లు కోస్తే మీటరుకు 3 పైసలే. సానపట్టి మళ్లీ వాడుకుంటే ఇంకా తగ్గుతుంది. బ్లేడ్లు మార్చడానికి మెషీన్ ఆపే గంటల ఖర్చు ఈ లెక్కలో చేర్చనే లేదు.

6. సానకు పంపేటప్పుడు

ముల్లు పెరిగాక కాదు, హద్దుకు కాస్త ముందే తీసేయండి. పెచ్చు లేచిన బ్లేడును సానపట్టాలంటే చాలా లోహం పోతుంది. సెట్టు మొత్తాన్ని ఒకే వ్యాసానికి, డైమండ్ వీలుతో పట్టించండి. వ్యాసం తగ్గింది కాబట్టి తిరిగి బిగించేటప్పుడు రెండు బ్లేడ్ల ఒరుపు (ఒకదానికొకటి ఆనే తీరు) మళ్లీ సెట్ చేయాలి. ప్రతి బ్లేడుకూ నంబరు వేసి, విడి పెట్టెలో పెట్టండి. అంచులు ఒకదానికొకటి తగిలితే చాలు, పెచ్చు లేస్తాయి. మా కుర్రాడు ఒకడు ఇరవై బ్లేడ్లను న్యూస్‌పేపర్లో చుట్టి, బైకు డిక్కీలో వేసుకుని పీణ్యకు తీసుకెళ్లాడు. హిందూపురం ఆయన పొట్లం విప్పి చూసి, "సానకు తెచ్చినావా, తూకానికి తెచ్చినావా అప్పా?" అన్నాడట.