చెరువు గట్టు వీడియో యాప్‌లో ఇంపోర్టులు ఎర్రబడితే

చెక్ ట్రేలో (రొయ్య మేత తిన్నదో లేదో చూసేందుకు చెరువులో దించే పళ్లెంలో) మేత ఎంత మిగిలింది, రొయ్య చురుగ్గా ఉందా లేదా అన్నది గట్టు మీదే వీడియో తీసి దాచుకునే యాప్ భీమవరం చుట్టుపక్కల బాగా పనికొస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో, కోట్లిన్ భాషలో, కెమెరాను నడిపే కెమెరాఎక్స్ లైబ్రరీతో దాన్ని రాస్తుంటే ‘రికార్డర్’, ‘క్వాలిటీసెలెక్టర్’ పేర్లు ఎర్రబడి ‘అన్‌రిజాల్వ్డ్ రిఫరెన్స్’ (ఈ పేరు ఎక్కడిదో తెలియలేదు) అని వస్తుందా? ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి ఇంపోర్టు వరుస (ఆ పేరు ఏ లైబ్రరీదో చెప్పేది) చేర్చుకోవడం తర్వాత. లైబ్రరీయే లేకపోతే ఇంపోర్టు ఎక్కణ్నుంచి వస్తుంది?

యాప్ మాడ్యూల్‌లోని బిల్డ్ గ్రేడిల్ ఫైలు తెరవండి (గ్రేడిల్ అంటే లైబ్రరీలు తెచ్చి యాప్‌ను కట్టే సాధనం). ప్రాజెక్టు మొత్తానికి ఉండే ఫైలు కాదు. డిపెండెన్సీల్లో (యాప్‌కు కావాల్సిన లైబ్రరీల జాబితాలో) ‘ఆండ్రాయిడ్ఎక్స్.కెమెరా’ గ్రూపువి ఐదు ఉండాలి: కెమెరా-కోర్, కెమెరా-కెమెరా2, కెమెరా-లైఫ్‌సైకిల్, కెమెరా-వ్యూ, కెమెరా-వీడియో. ఫొటో యాప్ కోడ్ తెచ్చి మార్చుకునేవాళ్లు చివరిదాన్నే మరిచిపోతారు. ఐదింటికీ వెర్షన్ ఒకటే పెట్టండి. తేడా ఉంటే ఇంపోర్టు కుదిరినా, యాప్ నడిచేటప్పుడు మెథడ్ దొరకలేదంటూ కూలిపోవచ్చు. సెట్టింగ్స్ గ్రేడిల్‌లోని రిపాజిటరీల్లో (లైబ్రరీలు దించుకునే చోట్లలో) ‘గూగుల్()’ కూడా ఉండాలి, మావెన్ సెంట్రల్ ఒక్కటే చాలదు.

ఇక మార్పులు అమలయ్యేందుకు ‘సింక్ నౌ’ నొక్కండి. కొత్త లైబ్రరీ దిగాలంటే నెట్ తప్పదు. లంక ఊళ్లో డేటా కలిసొస్తుందని గ్రేడిల్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి ఉంటే ఇక్కడే ఆగిపోతుంది. దాన్ని తీసేసి మళ్లీ సింక్ చేయండి.

ఇప్పుడు ఆల్ట్, ఎంటర్. అసలు చిక్కు ఇక్కడే, ఒకే పేరుతో రెండుమూడు కనిపిస్తాయి. ‘వీడియోక్యాప్చర్’ను ‘కెమెరా.వీడియో’ నుంచే తీసుకోండి. పాత పాఠాల్లో కనిపించే ‘కెమెరా.కోర్’ది వేరే క్లాసు, దానికి రికార్డర్ ఇవ్వలేరు. ‘ప్రివ్యూ’ మాత్రం ‘కెమెరా.కోర్’దే. స్క్రీన్లు రాయడానికి కంపోజ్ టూల్‌కిట్ వాడేవాళ్లకు జాబితాలో ముందు దాని ప్రివ్యూ కనిపిస్తే అది ఎంచుకోవద్దు. ‘మానిఫెస్ట్’ దగ్గర ‘జావా.యుటిల్.జార్’ది పడితే ‘పర్మిషన్’ మాట ఎర్రబడుతుంది, కావాల్సింది ‘ఆండ్రాయిడ్.మానిఫెస్ట్’. ‘ఆండ్రాయిడ్.ఆర్’ ఇంపోర్టు ఎక్కడైనా దూరి ఉంటే ఆ వరుస చెరిపేయండి, మీ లేఅవుట్ పేర్లు మళ్లీ దొరుకుతాయి.

‘లిజనబుల్‌ఫ్యూచర్’ క్లాసు అందడం లేదంటే కోడ్‌లో తప్పేమీ లేదు, గూగుల్ వారి గువావా లైబ్రరీని డిపెండెన్సీల్లో జతచేస్తే పోతుంది.

ఇవన్నీ సరిచూసినా ఎరుపు పోలేదంటే బిల్డ్ మెనూ నుంచి ప్రాజెక్టును బిల్డ్ చేయండి. బిల్డ్ పూర్తయితే తేడా ఎడిటర్ ఇండెక్సుదే (పేర్లు గుర్తుపెట్టుకునే దాని జాబితా పాతబడింది): ఫైల్ మెనూలో ‘ఇన్‌వాలిడేట్ క్యాషెస్’ నొక్కి ఆండ్రాయిడ్ స్టూడియోను మళ్లీ తెరవండి. బిల్డ్ కూడా ఆగితే మొదటి ఎర్రర్ ఒక్కటే చదవండి, కిందవన్నీ చాలాసార్లు దాని వెనకాలే వస్తాయి.