గిన్నె చప్పుడును దూరానికి పంపాలంటే

చెంచా గిన్నెకు పదేపదే తగిలే చప్పుడును దగ్గరగా రికార్డు చేశాక, శబ్దాల కూర్పులో (మిక్స్‌లో) అది దూరం జరగాలని వాల్యూం తగ్గిస్తాం. అది మాత్రం కదలదు, ఉన్నచోటే చిన్నగా మోగుతుంది.

గదిలో దూరాన్ని చెవి పోల్చుకునేది ఎక్కువగా నేరు శబ్దానికీ (వస్తువు నుంచి సూటిగా వచ్చేది) ప్రతిధ్వనికీ (గోడలకు తగిలి వచ్చేది) ఉన్న నిష్పత్తితో. దూరం రెట్టింపైతే నేరు శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ప్రతిధ్వని దాదాపు అలాగే ఉంటుంది.

అందుకని రివెర్బ్‌ను (గది ప్రతిధ్వనిని కలిపే ఎఫెక్ట్) వేరే ఆక్స్ ట్రాక్‌లో (ఎఫెక్ట్‌లకు వాడే సహాయక ట్రాక్) పూర్తి వెట్‌గా, అంటే ప్రతిధ్వని మాత్రమే వచ్చేలా పెట్టి, చప్పుడును దానికి ప్రీ-ఫేడర్ సెండ్‌తో, అంటే ట్రాక్ వాల్యూం మీట అయిన ఫేడర్‌కు ముందు నుంచే పంపండి. పోస్ట్-ఫేడర్ అయితే ఫేడర్ దించినప్పుడల్లా ప్రతిధ్వనీ దిగిపోతుంది, పని చెడుతుంది. ఇక ఫేడర్‌ను 15 సెకన్లలో 18 డెసిబెల్స్ దించండి. అంటే ఒక మీటరు నుంచి ఎనిమిది మీటర్లకు జరిపినట్టు. ఆ 15 సెకన్లలోనే నేరు శబ్దం మీద లో-పాస్ ఫిల్టర్‌ను (పై స్వరాలను కోసేది) 12 కిలోహెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా తెచ్చి, స్టీరియో వెడల్పును మోనో వైపు కుదించండి. రివెర్బ్‌లోని ప్రీ-డిలే (నేరు శబ్దం తర్వాత ప్రతిధ్వని మొదలయ్యే దాకా ఉండే వ్యవధి) 10 మిల్లీసెకన్ల లోపు ఉంచి వదిలేయండి. మధ్యలో కదిపితే చాలా ప్లగిన్లలో (ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్లలో) టప్‌మంటుంది.

అదే 18 డెసిబెల్స్‌ను 3 సెకన్లలో దించితే ఎవరో గిన్నె లాక్కుపోయినట్టుంటుంది. 60 సెకన్లు తీసుకుంటే కదలిక తెలియదు, గదే పెద్దదైనట్టు అనిపిస్తుంది.

స్నానాలగదిలాంటి మోగే చోట రికార్డు చేసిన శబ్దంతో ఇది కుదరదు. అందులో ముందే ఒక గది ఉంటుంది కాబట్టి రెండు గదులు ఒకదానిమీద ఒకటి వినిపిస్తాయి. చుట్టూ దుప్పట్లు కట్టి, మైకును 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి మళ్లీ రికార్డు చేసుకోవాలి.